కొండ బండల్లో బంగారు బల్లి

బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూసుకునే అలవాటు మనది. కంచి వెళ్ళి, వరదరాజస్వామి కోవెలలో బంగారు బల్లిని తాకకుండా తిరిగివస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరు. అయితే ప్రాణంతో పాకే బంగారు బల్లి మన శేషాచలం బండల సందుల్లోనే ఉన్నదని ఎందరికి తెలుసు? మా కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడొకరు, అలిపిరి మెట్లు ఎక్కుతూ దాని చరిత్ర విప్పారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు అది ఏ కావ్యకథకూ తీసిపోదనిపించింది.

దీన్ని మొదట శాస్త్రానికి ఎక్కించినవాడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు. సైన్యం నుంచి మద్రాసు అటవీశాఖకు వచ్చి, దానికి అధిపతి అయ్యాడు. ఫెర్న్ మొక్కల మీద గ్రంథాలు రాసిన చేత్తోనే పాములనూ, బల్లులనూ వర్ణించాడు. తిరుపతి కొండల్లో దొరికిన ఈ బల్లిని గురించి 1870లో మద్రాసు నుంచి వెలువడే ఒక వైద్యశాస్త్ర మాసపత్రికలో ప్రకటించాడు. వైద్యానికీ బల్లికీ ఏమిటో సంబంధం! అప్పటికి తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మన చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. బెడ్డోమ్ కన్నుమూసిందీ ఆ సంవత్సరమే.

ఆయన పెట్టిన పేరు 'కాలోడాక్టిలస్ ఆరియస్'. గ్రీకులో కాలోస్ అంటే అందమైనది, డాక్టిలోస్ అంటే వేలు. లాటిన్‌లో ఆరియస్ అంటే బంగారు వన్నెది. మన ప్రబంధకవులైతే 'చార్వంగుళి' అనేవారు కాబోలు. ఆ వేళ్ళ కొసల్లోని జంట పలకలతోనే అది నిట్టనిలువు బండను పట్టుకుని పాకుతుంది. మొదటి పేరు అప్పటికే మరో ప్రాణికి ఉండటంచేత 1926లో 'కాలోడాక్టిలోడిస్' అని మార్చారు. ఇంతకూ ఆ బంగారు రంగు అన్నివేళలా ఉండదు. జతకట్టే కాలంలో మగబల్లికి వచ్చే శోభ అది.

ఆ తర్వాత నూరేళ్ళకు పైగా దాని ఊసు దాదాపు పుస్తకాలకే పరిమితమైపోయింది. తూర్పు కనుమల్లో అది తిరిగి కనిపించిందని 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వ్యాసం వచ్చింది, రాసినవారిలో జె.సి. డేనియల్ ఒకరు. మరి ఈ నూరేళ్ళూ కట్టెలకు వెళ్ళినవారి కంటపడలేదా అంటే, పడే ఉంటుంది. కాని ఊరూ తేదీ లేని శాసనంతో చరిత్రకారుడు పడే అవస్థే జంతుశాస్త్రజ్ఞుడిదీను. ఏది, ఎక్కడ, ఎప్పుడు అని నమోదైతేనే అది సాక్ష్యం. పేరుకెక్కని ప్రాణికి చట్టమూ కాపలా కాయలేదు. ఈ బల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనం ఏర్పడింది. 2010లో శేషాచలం జీవావరణ క్షేత్రమైంది.

చట్టం సరే, బండ సంగతి చూడండి. ఈ జాతి ఆడబల్లులు అనేకం ఒకే చోట, రాతికే అంటించి తెల్లని గుడ్లు పెడతాయి. ఊడదీస్తే పగిలిపోతాయి. రాతిమీద తన పేరు గీకబోయే కుర్రవాడికి అది వట్టి గోడ, వాటికి పురిటిల్లు.

తరువాత ఇది ఒడిశాలోనూ, తమిళనాడులోనూ కనిపించింది. దీని ప్రజాతిలో మరొక్క జాతే ఉన్నది. అది సముద్రం ఆవల సింహళంలో ఉంటుంది. దాన్ని 1953లో దెరణియగల వర్ణించాడు. మా మిత్రుడు ఆ మాట చెప్పి, తరువాతి వంద మెట్లూ వారధి కట్టిన వానరుల మీద హాస్యమాడుతూ ఎక్కారు.