చెమట ఆరని చోట

ఖతర్‌లో జూన్‌ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. కువైట్‌లో ఆగస్టు నెలాఖరు దాకా 11 నుంచి 4. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ నుంచి వచ్చిన మనవాళ్లకు ఈ టైములు కంఠతా వచ్చు. చిక్కల్లా, గంటల్ని బట్టి పని ఆపినంత మాత్రాన ఒంటికి వేడి తగలకుండా పోదు.

అందుకే ఖతర్‌ 2021లో మరో నిబంధన చేర్చింది. ‘వెట్‌ బల్బ్‌ గ్లోబ్‌ టెంపరేచర్‌’ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా సరే పని ఆపాలి. ముప్పై రెండంటే మన ఊళ్లో లెక్కలోకే రాదు కదా అనిపిస్తుంది. కానీ ఇది మామూలు థర్మామీటరు చూపించే వేడి కాదు. ఎండ, గాలి, తేమ అన్నీ కలిసిన కొలత. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినప్పుడు కాదు, ఆరినప్పుడు. ఆగస్టులో సముద్రం మీది ఉక్క దిగితే చొక్కా పిండితే నీళ్లు కారతాయి, లోపల ఒళ్లు మాత్రం కాగుతూనే ఉంటుంది. కరీంనగర్‌ పొడి ఎండను తట్టుకున్న ధీమా ఇక్కడ పనికిరాదు.

అందరికంటే ప్రమాదం కొత్తవాళ్లకు. ఎండపని కొత్తయితే తొలిరోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకింత పెంచాలని అమెరికా సంస్థ నియోష్‌ సలహా. సెలవు మీద పోయినా ఒంటికి పట్టిన ఎండ అలవాటు తప్పుతుంది. మేలో పెళ్లిళ్లకు ఊరెళ్లి జూన్‌లో దిగిన పాత మేస్త్రీ కూడా కొత్తవాడి కిందే లెక్క. ఫోర్‌మన్‌ మాత్రం ‘పాతవాడే కదా’ అని మొదటిరోజే బరువు పని అప్పజెప్తాడు.

నీళ్లు తాగితే బాత్రూంకు పోవాలి, అది సైటుకు ఆ చివర ఉంటుంది. అందుకని గొంతు ఎండబెట్టుకునేవాళ్లున్నారు. ఇలా ఏళ్ల తరబడి సాగితే దెబ్బతినేది కిడ్నీలు. మూత్రం డికాక్షన్‌ రంగులోకి తిరిగితే పని ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. ఎనర్జీ డ్రింకు దానికి మందు కాదు.

గల్ఫ్‌లో పోయిన ఎందరో కూలీల మరణపత్రాల్లో కనిపించేది గుండె ఆగిందనో, సహజ మరణమనో. ఎండ ఊసే ఉండదు. అలా రాశాక కంపెనీ నుంచి పరిహారం రాబట్టడం గగనమే. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఇచ్చే 10 లక్షలూ ప్రమాద మరణానికీ, ప్రమాదంలో శాశ్వత వైకల్యానికే. అందుకే తల తిరిగిన రోజే క్లినిక్‌కు పోండి. ఎండలో పని చేస్తుంటే ఇలా అయిందని డాక్టరుతో చీటీలో రాయించుకోండి. దాన్ని ఫోటో తీసి ఇంటికి వాట్సాప్‌లో పంపండి.