ఫైలు సైజు పెరిగితే పాట బాగుపడుతుందా?

హైదరాబాద్ నయాపూల్ నుంచి అఫ్జల్‌గంజ్, గౌలిగూడ మీదుగా కోఠీ గుజరాతీ గల్లీకి చేరితే ఆంప్లిఫయర్లు, స్పీకర్ బాక్సులు, హోమ్ థియేటర్ రిసీవర్లు కొనేవాళ్లకు కావలసినంత సరుకు. కొత్త రిసీవర్లను గొప్పగా చూపించే అంకె 24 బిట్ - 192 కిలోహెర్ట్జ్, అంటే ధ్వనిని ఎంత సూక్ష్మంగా, ఎంత వేగంగా కొలిచారో చెప్పేది. పెన్‌డ్రైవ్‌లో పాటలు పెట్టుకుని వినే ఇంటికి ఆ అంకెతో ఒరిగేది చాలా తక్కువ. పాట బాగా వినిపించాలంటే ఫైలు ఎలా తయారైందో, స్పీకర్లు ఏవో, గది ఎలా ఉందో చూడాలి. ఇది రుచి, అభిరుచుల గొడవ కాదు, లెక్క వేసి తేల్చుకోగల విషయం.

సీడీ ప్రమాణంలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో రాస్తారు. కొలిచే వేగంలో సగానికి లోపలున్న పౌనఃపున్యాలన్నిటినీ ఆ కొలతల నుంచే పూర్తిగా తిరిగి రాబట్టవచ్చని క్లాడ్ షానన్ 1949లో గణితంతో నిరూపించాడు. ఆ సగం 22,050 హెర్ట్జ్. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది, వయసు మీదపడితే ఇంకా ముందే. ఇక అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 16 బిట్లు ఇచ్చే వ్యాప్తి సుమారు 96 డెసిబెల్స్. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45, వాణిజ్య ప్రాంతాల్లో పగలు 65 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో నిబంధన. నయాపూల్ మీద బస్సులూ ఆటోలూ హోరెత్తుతుంటే, పక్క గల్లీలోని గదిలో తలుపులన్నీ మూసినా 35 డెసిబెల్స్ ఉందనుకోవడం ఉదారమైన అంచనా. దాని పైన 96 కలిపితే 131. అది చెవి నొప్పి పుట్టే స్థాయి. అలాంటప్పుడు 24 బిట్లు ఇచ్చే 144 డెసిబెల్స్‌ను ఏ గదిలో వాడుకుంటాం? పాట రికార్డు చేసేటప్పుడు స్టూడియోకు ఆ వెసులుబాటు అవసరమే, వినేటప్పుడు కాదు.

తేడా తమ చెవికి స్పష్టంగా తెలుస్తోందనేవారు ఉన్నారు. వారి మాటను కొట్టిపారేయనక్కర్లేదు, పరీక్షించవచ్చు. అమెరికాలో మేయర్, మోరాన్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో హై-రిజల్యూషన్ డిస్కు ధ్వనినీ, అదే ధ్వనిని సీడీ ప్రమాణానికి దించినదానినీ ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో సరిగ్గా పోల్చినవి 276, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. లండన్‌లో జాషువా రైస్ 2016లో 18 ప్రయోగాలను కలిపి చూస్తే సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. శిక్షణ పొందినవారిలో ఇంకాస్త ఎక్కువ. కాబట్టి తేడా అసలు లేదని ఒట్టు వేయలేం. అయితే ప్రయోగం కోసం చెవులు రిక్కించి విన్నవాళ్లకే ఇంత తక్కువగా దొరికిన తేడా కోసం ఇంట్లో డబ్బు పోయడం నా దృష్టిలో దండగ.

అలాగని ఏ ఫైలైనా ఒకటే అనుకోకూడదు. హైదరాబాదీ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ వంటివారి పాటలో చప్పట్లే తాళం. ఎంపీ3 పాటను 1,152 కొలతల ముక్కలుగా కోసి కుదిస్తుంది, ఒక్కో ముక్క 26 మిల్లీసెకన్లు. డేటా రేటు తక్కువైతే చప్పట పడకముందే ఒక సన్నని బుస ముందుకు పాకి, దెబ్బ పదును చెడుతుంది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉండే పాటను 128కి కుదించినప్పుడు ఇది తేలిగ్గా బయటపడుతుంది, 320 దగ్గర పట్టుకోవడం కష్టం. పోయిన పదును ఆ ఎంపీ3ని, నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా మార్చినా తిరిగి రాదు. 78 ఆర్‌పీఎం రికార్డుల నాటి ఘంటసాల పాటను 192 కిలోహెర్ట్జ్ ఫైలులో పెట్టినా అంతే, రికార్డులో లేని తీగ నాదం పుట్టదు. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపితే, అప్పటికే కుదించిన పాట సాధారణంగా మరోసారి కుదింపుకు గురవుతుంది. పెన్‌డ్రైవ్‌ను నేరుగా రిసీవర్ యూఎస్‌బీలో పెడితే ఆ రెండో నష్టం తప్పుతుంది.

అసలు పెద్ద తేడా గదిది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులున్న గదిలో 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్య నిలబడిపోతుంది. గోడ దగ్గర మంద్రం హోరెత్తుతుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. ఈ హెచ్చుతగ్గులు 10 డెసిబెల్స్ దాటడం మామూలే. బండపరుపు నేల, బోడి గోడలు పై స్వరాలను కరుకు చేస్తాయి. స్పీకర్లను మూలల నుంచి ఒకటి రెండు అడుగులు జరపండి, గది సరిగ్గా నడుమ కూర్చోకండి, నేల మీద మందపాటి తివాచీ వేయండి, రిసీవర్‌లో హాల్, స్టేడియం ఎఫెక్టులు తీసేసి డైరెక్ట్ మోడ్‌లో వినండి. వినడానికి సీడీ ప్రమాణమే చాలు కాబట్టి, ఇంట్లో పాత సీడీలుంటే పారేయకుండా ఈ నెలలోనే ఫ్లాక్‌లోకి ఎక్కించుకోండి.