చేయి వణికినా పరికరం వణకదు

శుక్లాల ఆపరేషన్ మన పల్లెలకు కొత్త కాదు. అయితే అది కంటి ముందుభాగంలో చేసే పని. కంటి వెనుక గోడకు రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. అది దెబ్బతింటే ఎన్ని కళ్లజోళ్లు మార్చినా చూపు సరికాదు.

వయసు మీరిన కొందరికి రెటీనా మీద మరో సన్నని పొర పెరుగుతుంది. అది రెటీనాను లాగి ముడతలు పెడుతుంది. ఒక్కోసారి నడిమధ్య చిల్లు పడుతుంది. అప్పుడు ఎదుటి మనిషి ఆకారం తెలుస్తుంది గాని ముఖం పోల్చుకోలేరు. నిటారుగా ఉన్న ద్వారబంధం వంకరగా కనిపిస్తుంది.

ఆ పొరను వలిచి తీయాలి. దాని మందం మిల్లీమీటరులో సుమారు నూరోవంతు. ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా వేళ్లలో కొద్దిపాటి వణుకు తప్పదు. ఇక్కడ ఆ కాస్త వణుకే ప్రమాదం.

మొదటి ఆపరేషన్

2016లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రి డాక్టరు రాబర్ట్ మెక్‌లారెన్, 70 ఏళ్ల వృద్ధునికి ఈ పొరను రోబో సాయంతో తొలగించారు. కంటి లోపల రోబోతో చేసిన ఆపరేషన్ ప్రపంచంలో అదే మొదటిది. మిల్లీమీటరు కన్నా చిన్న రంధ్రం గుండా సన్నని పరికరాన్ని లోపలికి పంపారు. డాక్టరు మైక్రోస్కోపులో చూస్తూ ఒక పిడిని కదిపారు. ఆ కదలికను యంత్రం బాగా తగ్గించి, వణుకును వడకట్టి పరికరానికి అందించింది. యంత్రం తనంతట తాను ఏమీ చేయలేదు. నిర్ణయం డాక్టరుదే.

తర్వాత 12 మందిలో ఆరుగురికి రోబోతో, ఆరుగురికి చేత్తో చేసి పోల్చారు. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోబోతో పని క్షేమంగానే జరిగింది గాని, ఎక్కువసేపు పట్టింది.

దారి చూపే వెలుగు

చేయి నిలకడగా ఉంటే చాలదు, పొర ఎక్కడుందో తెలియాలి. అందుకు ఓసీటీ పరీక్ష ఉంది. అమెరికా శాస్త్రజ్ఞులు దీన్ని 1991లో లోకానికి తెలిపారు. సూది లేదు, కోత లేదు. కంటిలోకి వెలుగు పంపి, తిరిగివచ్చిన వెలుగును బట్టి రెటీనా పొరలను అడ్డంగా కోసినట్లు బొమ్మ గీస్తుంది. కొన్ని ఆపరేషన్ మైక్రోస్కోపులకే దీన్ని అమర్చారు. పొర ఎంతవరకు వచ్చిందో డాక్టరు అప్పటికప్పుడే చూసుకోవచ్చు.

రోబో ఇంకా కొద్దిచోట్లకే పరిమితం. ఓసీటీ మాత్రం తెలుగునాట పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంది. ఒక కన్ను బాగుంటే రెండో కంటి లోపం చాలాకాలం బయటపడదు. అందుకే అప్పుడప్పుడు ఒక్కో కన్ను మూసి ద్వారబంధాన్ని చూడండి. గీత వంకరపోతే ‘వయసు వల్లే’ అని ఊరుకోక, వెంటనే కంటి డాక్టరు వద్దకు వెళ్లండి.