ఇటలీలో ‘షాంపేన్’ అనకండి!

కార్ల పందెంలో గెలిచినవాళ్లు సీసా ఊపి నురగ చిమ్ముతుంటే టీవీ ముందు కూర్చున్న మనం ‘షాంపేన్’ అనేస్తాం. కానీ 2021 నుంచి కొన్నేళ్లపాటు ఫార్ములా వన్ వేదికల మీద పొంగింది ఫ్రాన్స్ షాంపేన్ కాదు, ఉత్తర ఇటలీలోని త్రెంతోలో తయారైన ‘ఫెరారీ’ వైన్. అన్నట్టు, ఎర్ర కార్ల కంపెనీకీ దీనికీ చుట్టరికం లేదు. పేరు కలిసిందంతే!

బుడగలొచ్చే వైన్లన్నిటినీ కలిపి ఇటాలియన్లు ముద్దుగా ‘బొల్లిచినె’ అంటారు. అంటే చిన్న బుడగలు. ‘ఉన్ కాలిచె ది బొల్లిచినె, పెర్ ఫవోరె’ అంటే చాలు, ఓ గ్లాసు తెచ్చిపెడతారు. వాటిలోనూ రకాలున్నాయి. ‘స్పుమా’ అంటే నురగ. దాన్నుంచి వచ్చిందే ‘స్పుమాంతె’. సీసాలో ఒత్తిడి ఎక్కువ, బిరడా తీస్తే ఠప్పుమంటుంది. ‘ఫ్రిజ్జాంతె’లో గ్యాస్ తక్కువ. నాలుక మీద కాస్త చురుక్కుమంటుందంతే.

అసలు చిక్కు తీపి దగ్గరే. సీసా మీద ‘డ్రై’ అని ఉంది కదా, తియ్యగా ఉండదనుకుంటే పప్పులో కాలేసినట్టే. యూరప్ నిబంధనల ప్రకారం ‘బ్రూట్’లో లీటరుకు చక్కెర 12 గ్రాముల లోపే ఉండాలి. ‘ఎక్స్‌ట్రా డ్రై’లో 12 నుంచి 17, ఉత్త ‘డ్రై’లో 17 నుంచి 32 గ్రాముల దాకా ఉండొచ్చు. అందుకే ముందుగానే ‘క్వాంతో ఎ దోల్చె?’ (ఎంత తియ్యగా ఉంటుంది?) అని అడిగేస్తే గొడవ ఉండదు.

పెద్ద తొట్టెలో వైన్‌ని రెండోసారి పులియబెట్టి బుడగలు పుట్టించే పద్ధతికి 1895లో పేటెంట్ తీసుకున్నది ఇటలీకి చెందిన ఫెదెరికో మార్తినొత్తి. 1907లో దాన్ని మెరుగుపరిచిన ఫ్రాన్స్ వ్యక్తి షార్మా పేరే లోకంలో స్థిరపడిపోయింది. ఇటాలియన్లు మాత్రం ‘మెతొదొ మార్తినొత్తి’ అనడానికే ఇష్టపడతారు. మరి సొంత మనిషి పేరు పోతుంటే ఊరుకుంటారా!

‘ప్రొసెక్కో’ కథ ఇంకా విచిత్రం. 2009 దాకా అది ఓ ద్రాక్ష రకం పేరు. ద్రాక్ష పేరైతే ఏ దేశంవాళ్లైనా పండించి సీసా మీద వేసుకోవచ్చు. ఊరి పేరైతే అలా కుదరదు. అదృష్టం కొద్దీ త్రియెస్తె నగరం పక్కన ప్రొసెక్కో అనే పల్లె ఉంది! దాన్నీ ఉత్పత్తి ప్రాంతంలో కలిపేసి, ద్రాక్షకేమో ‘గ్లెరా’ అన్న పేరు తగిలించారు. ఇక యూరప్‌లో ఈశాన్య ఇటలీ సరుకే ప్రొసెక్కో. ఆస్ట్రేలియా రైతులు మాత్రం అది ద్రాక్ష పేరేనని వాదించారు.

గ్లాసులు తాకించేటప్పుడు స్నేహితులు ‘చిన్ చిన్’ అనుకుంటారు. ‘సలూతె’ అనీ అంటారు, అంటే ఆరోగ్యం. ఈ మాట గ్లాసు లేకపోయినా పనికొస్తుంది. మన ఇళ్లలో పిల్లలు తుమ్మితే పెద్దవాళ్లు ‘చిరంజీవ’ అన్నట్టే, అక్కడ ఎవరు తుమ్మినా ‘సలూతె’ అంటారు.