చిన్నమ్మ కోసం ఓ డీవీడీ

"ఏం కనబడ్తలేదు బిడ్డా, టీవీ నిండా నీలం రంగే వస్తున్నది" అంది చిన్నమ్మ ఫోన్‌లో.

నల్లగొండ నుంచి నేనెంతో మురిపెంగా పంపిన డీవీడీ అది. చిన్నమ్మ అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. ఉండేది వనపర్తి దగ్గర పల్లెలో. ఆ డీవీడీలో ఉన్నది 2004 కృష్ణా పుష్కరాలకు మేమంతా బీచుపల్లి వెళ్లినప్పటి వీడియో. అప్పట్లో బీచుపల్లి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. 2016లో జిల్లాలు విడదీశాక గద్వాల వైపు పోయింది. అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడు అరచేతిలో పట్టే క్యామ్‌కార్డర్ ఒకటి తెచ్చాడు. దాంతో గంటసేపు తీశాడు. అమ్మ నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న వీడియో మా దగ్గర అదొక్కటే. 2016 పుష్కరాలు వచ్చేసరికి అమ్మ లేదు.

క్యామెరా పాడవకముందే తమ్ముడు క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచడం మా అదృష్టం. మరి ఫోన్‌లో పంపేస్తే పోదా అనొచ్చు మీరు. చిన్నమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను. నా ఫోన్‌లో చూపించినా ఆమె కంటికి ఆనదు. టీవీ కింద డీవీడీ ప్లేయర్ ఉంది, పళ్లెంలో బిళ్ల పెట్టి మీట నొక్కడం ఆమెకు వచ్చు. తనకు చూడాలనిపించినప్పుడు ఎవర్నీ బతిమాలకుండా తానే పెట్టుకుని చూడాలని నా ఆశ.

తప్పు నాదే. పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు కంప్యూటర్‌లోని ఫైలును బిళ్ల మీదికి లాగి వదిలేశాను. అది ఇంకో కంప్యూటర్‌కు అర్థమవుతుంది గానీ పాత డీవీడీ ప్లేయర్‌కు కాదు. దానికి వీడియో ఎంపెగ్-2 అనే పద్ధతిలో ఉండాలి, 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్‌లో ముక్కలుగా అమరి ఉండాలి. కంది పప్పు కుక్కర్‌లో పడ్డంత మాత్రాన పప్పు అయిపోదు కదా, ఇదీ అంతే.

సరే, మనకెందుకీ తంటా అని ఒక స్టూడియోలో ఇచ్చాను. ప్లేయర్‌లో ఆడేలాగే చేసిచ్చారు. కానీ గులాబీలు రాలడం, బొమ్మ గిర్రున తిరగడం, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు! అమ్మ పెదవులు కదులుతున్నాయి, మాట వినబడదు. "అట్లయితేనే బాగుంటదమ్మా, అందరూ అట్లనే అడుగుతరు" అన్నారు. మన పెళ్లి క్యాసెట్లలోనూ ఇదే అన్యాయం జరిగింది. అప్పగింతలప్పుడు నాన్న ఏమన్నాడో, అత్తమ్మ ఏమని నవ్విందో పాటల కింద పడి నలిగిపోయాయి. బొమ్మ మసకగా ఉన్నా మనసు సర్దుకుంటుంది. గొంతు పోతే మళ్లీ రాదు. ఇలాంటి పని ఎవరికిచ్చినా 'అసలు సౌండ్ ముట్టుకోవద్దు' అని ముందే గట్టిగా చెప్పండి. అసలు ఫైలు మాత్రం ఇంట్లోనే ఉంచుకుని నకలు ఇవ్వండి. నేను ఆ ఒక్క జాగ్రత్త పడ్డాను కాబట్టి సరిపోయింది.

చివరికి మా అమ్మాయి, నేను ఇంట్లోనే కూర్చున్నాం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిళ్ల పెట్టే చోటే లేదు. బయట తగిలించుకునే డీవీడీ రైటర్ కొన్నాం. డీవీడీ స్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. అందులో వీడియో వేస్తే ప్లేయర్ చదివే పద్ధతిలోకి అదే మారుస్తుంది. ఆ చిన్న క్యాసెట్ గంట వీడియో కంప్యూటర్‌లో దాదాపు 13 జీబీ తింటుంది, మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. కుదించక తప్పదు. గంటకు ఒక బిళ్ల అయితే బొమ్మ నాణ్యత బాగానే ఉంటుంది. రెండు గంటలు కుక్కితే కాస్త తగ్గుతుంది. మూడు నాలుగు గంటలు ఇరికించే పేదరికం అక్కర్లేదు, ఇంకో బిళ్ల తీసుకోండి.

ఇక్కడ మాకొక చిక్కు వచ్చింది. 'పాల్' కావాలా, 'ఎన్‌టీఎస్‌సీ' కావాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. మన దేశంలో పాల్ పద్ధతి, సెకనుకు 25 బొమ్మలు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు సుమారు 30. మన దేశం కదా అని పాల్ నొక్కితే మనుషులు కుదుపుతో నడిచారు. తమ్ముడి క్యామెరా అమెరికాది కదా! ఎన్‌టీఎస్‌సీకి మార్చాక సాఫీగా వచ్చింది. మనకిక్కడ దొరికే ప్లేయర్లలో చాలావరకు రెండూ ఆడతాయి. మీ పిల్లలో, మరుదులో అక్కడి నుంచి తెచ్చిన వీడియోలున్నా ఇది చూసుకోండి.

మెనూలు, బొమ్మలు ఏమీ పెట్టలేదు. బిళ్ల పెట్టగానే మొదలయ్యేలా చేశాం, అక్షరాలు చదివి నొక్కే పని చిన్నమ్మకు ఎందుకు? మళ్లీ మళ్లీ రాసుకునే రకం కాకుండా ఒక్కసారి రాసే బిళ్లనే వాడాం, పాత ప్లేయర్లు దాన్నే సులువుగా చదువుతాయి. వేగం తగ్గించి రాయించాం. రాయడం పూర్తయ్యాక 'ఫైనలైజ్' అయిందో లేదో చూడాలి, కాకపోతే వేరే ప్లేయర్‌లో ఆడదు. బిళ్ల మీద కాగితం అంటించలేదు, మెత్తటి మార్కర్ పెన్నుతో పేరు, సంవత్సరం రాశాం. మురికైతే కొంగుతో గుండ్రంగా రుద్దే అలవాటు మనందరికీ ఉంది. అలా కాకుండా మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. ఎండ తగలనివ్వకూడదు. అయినా ఇంట్లో రాసిన బిళ్లలు ఎప్పటికీ ఉంటాయనుకోవద్దు. అసలు ఫైలును ఒక హార్డ్ డిస్క్‌లో నా దగ్గర, ఇంకో దాంట్లో తమ్ముడి దగ్గర పెట్టాం.

ఈసారి కొరియర్‌ను నమ్మలేదు. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి నేనే తీసుకెళ్లాను. చిన్నమ్మ బిళ్ల పెట్టి మీట నొక్కింది. కృష్ణ నీళ్లు, మెట్ల మీద జనం, ఆ రొదలో అమ్మ గొంతు: "ఓ చెల్లే, కొంగు సదురుకో, నీళ్లల్ల తడుస్తున్నది!"

మంచం మీద కూచున్న చిన్నమ్మ చెయ్యి గబుక్కున కొంగు మీదికి పోయింది. తర్వాత నా వైపు చూసి నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "మళ్లొక్కసారి ఎనకకు పెట్టు బిడ్డా... ఉండు, నేనే పెడ్త" అంటూ రిమోట్ నా చేతిలోంచి తీసుకుంది.