జర్మనీలో ఆరోగ్య బీమా ఎందుకు తప్పనిసరి?

కార్మికులకు ఆరోగ్య బీమాను తప్పనిసరి చేస్తూ జర్మనీ 1883లో, బిస్మార్క్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు, చట్టం చేసింది. ఇష్టమున్నవాళ్లే చేరితే ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. రోగులే మిగిలి చందా మోయలేనంత పెరుగుతుంది.

ఇప్పుడు ప్రాథమిక చందా జీతంలో 14.6 శాతం. సగం ఉద్యోగి జీతంలోంచి కోస్తారు, సగం యజమాని కడతాడు. పైన కొంత అదనపు చందా ఉంటుంది. నెలకు 2000 యూరోలు వచ్చే దుకాణ ఉద్యోగి ప్రాథమిక వాటా 146 యూరోలు. 4000 వచ్చేవారిది 292. ఇద్దరికీ గుండె ఆపరేషన్ అవసరమైతే అందే వైద్యం ఒక్కటే. ఈ ఏర్పాటులో అన్నిటికన్నా గొప్ప న్యాయం ఇదే.

సంపాదన లేని జీవిత భాగస్వామికి, పిల్లలకు సాధారణంగా వేరే చందా ఉండదు. ఉద్యోగి జబ్బుపడితే ఆరు వారాల దాకా యజమానే జీతమివ్వాలి. ఆ తర్వాత బీమా నిధి జీతంలో దాదాపు 70 శాతం ఇస్తుంది.