పెట్టె మీది వేగం, చిప్‌లోని వేగం

గ్రాఫిక్స్ కార్డులోని చిప్‌ను ఎన్‌విడియా, ఏఎమ్‌డీ వంటి సంస్థలు రూపొందిస్తాయి. ఏసుస్, ఎమ్‌ఎస్‌ఐ వంటి కంపెనీలు దాన్ని తమ బోర్డు మీద బిగించి, హీట్‌సింక్, ఫ్యాన్లు తగిలించి అమ్ముతాయి. చిప్ సంస్థ నిర్ణయించిన వేగాన్ని ఆ కంపెనీయే కొంత పెంచి పంపితే అది ఫ్యాక్టరీ ఓవర్‌క్లాక్ కార్డు. మామూలు కార్డు కొని ఇంట్లో సాఫ్ట్‌వేర్‌తో వేగం పెంచుకోవడం రెండో దారి. మొదటిదానికి సాధారణంగా ధర ఎక్కువ.

ఆ ఎక్కువ ధర దేనికో తెలియాలంటే చిప్ వేగం ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. 2000 మెగాహెర్ట్జ్ అంటే గడియారం ఒక్కో టిక్కుకు అర నానోసెకను. ఆ కాస్త వ్యవధిలో సంకేతం ఒక రిజిస్టర్ దగ్గర బయల్దేరి, మధ్యలోని ట్రాన్సిస్టర్లన్నీ దాటి, తరువాతి రిజిస్టర్ చేరి కుదురుకోవాలి. ఇలాంటి దారులు చిప్‌లో అసంఖ్యాకం. అన్నిటిలోకీ నెమ్మదైన దారి ఎంత వేగాన్ని తట్టుకుంటే చిప్ మొత్తానికీ అదే హద్దు. వోల్టేజి పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారతాయి, హద్దు జరుగుతుంది. అయితే ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు పెరిగి ఊరుకోదు, వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. రెండూ పది శాతం చొప్పున పెంచితే ఖర్చు 33 శాతం ఎక్కుతుంది. అదంతా వేడే.

ఒకే వేఫర్ (సిలికాన్ పలక) నుంచి కోసిన రెండు చిప్‌లు కూడా ఒకేలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజితోనే పరుగెడుతుంది, ఇంకొకటి మొరాయిస్తుంది. తయారీదారు అన్ని చిప్‌లకూ సరిపోయేలా ప్రకటించే వేగం బలహీనమైన చిప్‌ను దృష్టిలో పెట్టుకున్నదే. అందుకే మంచి చిప్‌లో కొంత శక్తి వాడకుండా మిగిలిపోతుంది.

ఆ మిగులును చిప్ తనంతట తానే వాడుకోవడం ఈ కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం. 2012లో జీటీఎక్స్ 680తో ఎన్‌విడియా తెచ్చిన జీపీయూ బూస్ట్ వేడినీ, విద్యుత్తు వాడకాన్నీ క్షణక్షణం కొలుస్తూ, వీలున్నంత మేర వేగం పెంచుతుంది, ఇరుకైతే తగ్గిస్తుంది. 2016 నాటి జీటీఎక్స్ 1080కి ప్రకటించిన బూస్ట్ వేగం 1733 మెగాహెర్ట్జ్. ఎమ్‌ఎస్‌ఐ గేమింగ్ ఎక్స్ కార్డు దాన్ని 1847గా చాటుకుంది. కాగితం మీద తేడా ఆరున్నర శాతం. చల్లగా ఉన్న మామూలు కార్డు కూడా ప్రకటించిన 1733ని దాటిపోయేది. చేత్తో సర్దితే రెండు రకాలూ 2000 నుంచి 2100 మధ్యకు వచ్చి ఆగేవి. అంటే పెట్టె మీది అంకె ఒక హామీ మాత్రమే. అసలు హద్దు గీసేది చిప్ తీరు, దాన్ని చల్లబరిచే హీట్‌సింక్.

ఈ సంగతి మరచినవాళ్లు 2020 సెప్టెంబరులో తొందరపడ్డారు. ఆర్‌టీఎక్స్ 3080 వచ్చిన కొత్తలో ఆటల మధ్య కార్డులు క్రాష్ అవుతుంటే, నేరమంతా చిప్ వెనుక అతికించిన కెపాసిటర్ల మీద మోపారు. వోల్టేజిని నిలకడగా ఉంచడంలో కెపాసిటర్ల పాత్ర నిజమే. కానీ ఆ నెలాఖరుకు 456.55 డ్రైవర్ రాగానే, బోర్డు మీద ఒక్క భాగమూ మారకుండానే చాలా కార్డుల్లో సమస్య సద్దుమణిగింది. బూస్ట్ చిప్‌ను అంచుదాకా తీసుకెళ్లడం కూడా ఆ క్రాష్‌లకు ఒక కారణం.

డబ్బుకు తగ్గ చిప్ దొరికిన సందర్భమూ ఒకటుంది. 2018లో ఆర్‌టీఎక్స్ 2080 వంటి వాటికి ఎన్‌విడియా చిప్‌లను రెండు తరగతులుగా వేరుచేసి, ఫ్యాక్టరీ ఓవర్‌క్లాక్‌కు మేలురకానికే అనుమతిచ్చింది. మరుసటి ఏడాది ఆ విభజన ఎత్తేసింది.

ఇంట్లో చేసేవారికి ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ముందు విద్యుత్తు పరిమితిని పైకి జరిపి, తరువాత కోర్ వేగాన్ని 15, 20 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ బరువైన ఆట నడిపి చూడాలి. తెరపై రంగుల చుక్కలు మెరిసినా, డ్రైవర్ కూలిపోయినా రెండడుగులు వెనక్కి తగ్గాలి. మెమరీ దగ్గర మోసపోవడం తేలిక: 3080లోని జీడీడీఆర్6ఎక్స్ తప్పు వచ్చిన డేటాను మళ్లీ పంపుకుంటుంది కాబట్టి హద్దు దాటినా తెర మామూలుగానే ఉంటుంది, ఫ్రేములు మాత్రం పడిపోతాయి. అందుకే తెరను చూసి సరిపెట్టుకోకుండా ఫ్రేముల అంకెను రాసుకోవాలి.

హీట్‌సింక్, బోర్డు ఒకటే అయి, పేరు చివర ఓసీ అన్న రెండక్షరాలే తేడా అయితే అదనపు సొమ్ము వృథా. ఆ పని ఇంట్లోనే ఉచితంగా అవుతుంది. పెద్ద హీట్‌సింక్, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు, ఎక్కువ విద్యుత్తు పరిమితి వస్తుంటే మాత్రం ఇచ్చిన డబ్బుకు వస్తువు ఉన్నట్టే. కొనేముందు వారంటీ షరతులు చదవాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ పెంచిన వేగానికి కంపెనీ పూచీ ఉంటుంది, చేత్తో పెంచినదానికి ఉండకపోవచ్చు.